ఇంపాలా గడియారం: టైము కంటే బ్యాటరీ సంగతే బాగా చెబుతుంది

కోనసీమ కొత్తపేటలో మా షెడ్డులో ఉన్న 1964 షెవర్లే ఇంపాలా నాన్నగారి హయాం నుంచి మాతోనే ఉంది. పాత అమెరికన్ కార్లు కొన్నవాళ్ళు ఎక్కువగా అడిగేది డ్యాష్‌బోర్డు గడియారం గురించే. చాలా బళ్ళలో అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. మాది ఇంకా తిరుగుతోంది.

దీన్ని మోటారు తిప్పదు. లోపల అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే మామూలు బ్యాలెన్స్ చక్రం, ఓ చిన్న స్ప్రింగు ఉంటాయి. ఒకటి రెండు నిమిషాలకే స్ప్రింగు దిగిపోతుంది. దిగగానే రెండు పాయింట్లు, అంటే కరెంటు కలిపే లోహపు మొనలు, తాకి కాయిల్ అనే తీగచుట్టలోకి కరెంటు వస్తుంది, అయస్కాంతం ఓ కడ్డీని తన్ని స్ప్రింగును మళ్ళీ బిగిస్తుంది. ఇంజను ఆపి కూర్చుంటే వినబడే 'టక్' అదే. మొదటిసారి బండెక్కినవాళ్ళు ఏదో విరిగిందనుకుని కంగారు పడతారు.

ఈ గడియారం తాళంతో పని లేకుండా నేరుగా బ్యాటరీ మీద నడుస్తుంది. వర్షాకాలంలో బండి వారాల తరబడి షెడ్డులోనే ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు కాయిల్‌కి తన్నే బలం చాలదు. పాయింట్లు కలిసినవి కలిసినట్టే ఉండిపోయి, కాయిల్ వేడెక్కి, చివరికి ఏదో ఒకటి మాడుతుంది. పాత గడియారాలు చచ్చేది ఎక్కువగా ఇలాగే, వయసైపోయి కాదు. మా ఆటో ఎలక్ట్రీషియన్ అయితే వోల్ట్‌మీటరు తీయడు. బండెక్కి చెవి పెట్టి, "టక్కు నీరసంగా ఉందండి, ముందు ఛార్జింగ్ పెట్టించండి" అంటాడు. ఆయన మాట తప్పడం నేను చూడలేదు. ఈ కారులో ఛార్జింగ్‌కి ఎర్ర దీపం తప్ప మీటరు లేదు కాబట్టి నాకూ అదే అలవాటైంది.

రెండో విచిత్రం ముళ్ళు తిప్పే నాబ్‌ది. ఆలస్యంగా నడుస్తోందని ముల్లును ముందుకు తిప్పితే, ఆ తిప్పడంతోనే లోపల వేగాన్ని సరిచేసే రెగ్యులేటరు కూడా కాస్త 'ఫాస్ట్' వైపు జరుగుతుంది. వెనక్కి తిప్పితే 'స్లో' వైపు. కొన్నిసార్లు సరిచేస్తే గడియారం తనంతట తానే దారికొస్తుందన్నది కంపెనీ ఆలోచన. నిజంగానే వస్తుంది కూడా, ఒక్కరే తిప్పుతుంటే! మా బావగారు చేతి వాచీని అయిదు నిమిషాలు ముందుకి పెట్టుకుంటారు. రావులపాలెం వెళ్ళొచ్చినప్పుడల్లా ఆ వాచీ చూసి దీన్నీ ముందుకి తోసేవారు. కొన్నాళ్ళకి గడియారం ఆయన వాచీని కూడా దాటిపోయింది. "అమెరికా వాడి గడియారం కదా, తొందరెక్కువ" అని మళ్ళీ తీర్పొకటి.

బ్యాటరీ మార్చినప్పుడు ఇదే ఇబ్బంది. గడియారం గంటల తరబడి ఆగుతుంది, ముల్లును అంత దూరం తిప్పితే రెగ్యులేటరు అనవసరంగా కదులుతుంది. అందుకే నేను ముల్లు జోలికి పోను. అది ఏ టైము దగ్గర ఆగిందో చూసుకుని, ఆ టైము అయ్యేదాకా ఆగి అప్పుడు టెర్మినల్ బిగిస్తాను. టక్ మని మొదలవుతుంది.

మా ఉప్పుగాలికి, తేమకి పాయింట్లు నల్లబడతాయి. గట్టి కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగితే చాలు, ఉప్పుకాగితం వాడొద్దు. గడియారాల నూనె సూది మొనతో చుక్క వేయించండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టిస్తే దుమ్మంతా పట్టి జిడ్డవుతుంది.

లోపలి యంత్రం తీసేసి ఇప్పటి వాచీల్లో ఉండే క్వార్ట్జ్ యంత్రం పెట్టించుకోమని చాలామంది చెబుతారు. బండి ఏడాదికోసారి పెళ్ళి ఊరేగింపుకే బయటికొస్తే అదే మంచిది, టెన్షన్ ఉండదు. తరచుగా నడిపేవాళ్ళు మాత్రం పాతదే ఉంచుకోండి. టైములో వారానికి కొన్ని నిమిషాల తేడా వస్తుంది, రాత్రిపూట దాని దీపం వెలుగూ అంతంతమాత్రమే, అయినా ఉంచుకోండి. షెడ్డులో పెట్టేముందు బ్యాటరీ టెర్మినల్ ఊడదీయడం మరచిపోకండి.

పాత బండి కొనేటప్పుడు పరీక్ష ఇలా చేయండి. నిండుగా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ తగిలించి వినండి. టక్ మని, ఒకటి రెండు నిమిషాలకి మళ్ళీ టక్ మంటే ప్రాణం ఉన్నట్టే. చప్పుడు లేకుండా గడియారం వెనక భాగం వేడెక్కుతుంటే వెంటనే వైరు పీకేసి, ఆ మేరకు ధర తగ్గించమనండి.