కాక్టస్ కుండీలకు వేపనూనె మందు: పనిచేసే చోటు, పనిచేయని చోటు

అజాడిరాక్టిన్ (వేపలో పురుగుల మీద పనిచేసే పదార్థం) 1500 పి.పి.ఎం. (పది లక్షల వంతుల్లో 1500 వంతులు) అని సీసా మీద రాసి ఉండే వేపనూనె మందు అనంతపురంలో వేరుశనగ, కంది రైతులు వెళ్లే పురుగుమందుల అంగళ్లలో సులభంగానే దొరుకుతుంది. పొలం కోసం తయారైన ఈ మందును మిద్దె మీది కాక్టస్ కుండీలకు వాడిన మీదట ఈ అభిప్రాయం రాస్తున్నాను. ఇది కొనదగిన మందే. అయితే పిండినల్లి (మొక్క రసం పీల్చే, తెల్లని పొడి కప్పుకున్న చిన్న పురుగు) బాగా పట్టిన కాక్టస్‌ను ఇది ఒక్కటే కాపాడలేదు.

పిండినల్లి ఒంటి మీద మైనపు పొడి ఉంటుంది కాబట్టి నీళ్లలో కలిపిన మందు చాలావరకు జారిపోతుంది. పైగా కాక్టస్‌లో అది ముళ్ల మొదళ్లలోనూ, గాడుల లోపలా, మట్టికి ఆనుకున్న భాగంలోనూ దాగుతుంది. ఆకుల మొక్కకైతే పురుగు పట్టిన కొమ్మను కత్తిరించి పారేయవచ్చు, గుండ్రని కాక్టస్‌కు ఆ వీలు లేదు. అజాడిరాక్టిన్ ముఖ్యంగా పిల్ల పురుగులు కుబుసం విడిచి ఎదగకుండా అడ్డుకుంటుందే తప్ప, ముదిరిన ఆడ పురుగులనూ, వందల గుడ్లున్న దూదిలాంటి సంచులనూ వెంటనే నాశనం చేయదు. అందుకే మొదటిసారి చల్లినప్పుడు ఏ మార్పూ కనిపించక, మందు నకిలీదని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఏడు నుంచి పది రోజులకొకసారి, కొత్త పిల్లలు కనిపించడం ఆగేదాకా చల్లితేనే దీని గుణం తెలుస్తుంది.

కాబట్టి మొదటి పని మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌ది. డెబ్బై శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో గానీ, ముళ్లు దట్టంగా ఉంటే సన్నని రంగుల కుంచెతో గానీ తెల్లని ముద్దలను ఒక్కొక్కటిగా తాకితే మైనం కరిగి, లోపలి పురుగు చస్తుంది. ఈ పని నీడలో చేయాలి. ఓపిక కావాలి, కానీ కంటికి కనిపించే పురుగుకు ఇంతకంటే నమ్మదగిన పద్ధతి నాకు తెలియదు. దీని తరువాత, కంటికి ఆనని పిల్ల పురుగుల కోసం వేపనూనె మందు చల్లడం సరైన వరుస.

లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్లు చాలు. ఇక్కడ మన ఊరి నీటి సంగతి చెప్పక తప్పదు. కఠినమైన బోరు నీటిలో నూనె సరిగా కలవక పైకి తేలుతుంది, క్షారగుణమున్న నీటిలో అజాడిరాక్టిన్ త్వరగా బలం కోల్పోతుంది. ఫిల్టరు నీళ్లలోనో, పట్టి ఉంచుకున్న వాన నీళ్లలోనో అప్పటికప్పుడు కలిపి, మిగిలినది దాచకుండా పారబోయడం మంచిది. ఎండ తగ్గాక సాయంత్రం చల్లి, మరుసటి రోజు కూడా కుండీని నీడలోనే ఉంచాలి. అనంతపురం ఏప్రిల్ ఎండలో నూనె పూసిన కాక్టస్‌ను వదిలేస్తే చర్మం కాలి పడే మచ్చ మళ్లీ పోదు. నీలి బూడిద పూత ఉండే స్తంభాకారపు కాక్టస్‌లకు మాత్రం దీన్ని చల్లవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే నూనె తగిలిన చోట ఆ పూత చెదిరి మొక్క అందం పోతుంది.

మన పొడి వేడికి విజృంభించే ఎర్రనల్లి (మొక్క రసం పీల్చే, కంటికి సరిగా ఆనని సూక్ష్మజీవి) విషయంలో ఈ మందుకు మంచి మార్కులే వేస్తాను. కాక్టస్ చర్మం తుప్పు రంగుకు తిరగడం మొదలైనప్పుడే నీటితో కడిగి, ఆరాక ఈ మందు చల్లితే నష్టం అక్కడితో ఆగుతుంది. నాగజెముడు జాతి కుండీల మీద కనిపించే తెల్లని దూదిని నలిపితే ఎర్రని రసం వస్తే అది పిండినల్లి కాదు, కొచినీల్ పురుగు. దక్షిణ భారతంలో నాగజెముడు పొదలను అణచడానికి 1926లో శ్రీలంక నుంచి తెప్పించిన జాతి ఈ కుటుంబానిదే. దాని పిల్లలు గాలికి కొట్టుకొచ్చి కుండీలకు చేరతాయి. దానికి ఈ మందు దాదాపు పనికిరాదు. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బలమైన నీటి ధారతో కడగాలి.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడాలి, ఎండ తగిలే అద్దాల బీరువాలో నెలల తరబడి నిలిచిన సీసాను తీసుకోకూడదు. సీసా మీది త్రికోణం రంగు కూడా చూడాలి. అత్యంత విషపూరితమైన మందులకు ఎరుపు, విషం తక్కువ ఉన్నవాటికి ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. ఒక అంగడిలో వేపనూనె అడిగితే ఎర్ర త్రికోణం ఉన్న మందు ఇవ్వబోయారు. పిల్లలు తిరిగే మిద్దె మీదికి అటువంటిది ఎంతమాత్రమూ తేకూడదు. నర్సరీల్లో ముందే నీళ్లలో కలిపి అమ్మే స్ప్రే సీసా ఒకటి రెండు కుండీలున్నవారికి సౌకర్యమే, ఎక్కువ మొక్కలున్నవారికి మాత్రం అనవసరపు ఖర్చు.

కుండీ చుట్టూ చీమలు తిరుగుతుంటే వాటిని కూడా అరికట్టాలి, పిండినల్లి విసర్జించే తీపి ద్రవం కోసం అవి దానిని కాపాడతాయి. పైన ఏ పురుగూ లేకుండానే కాక్టస్ ఎదుగుదల ఆగిపోతే వేళ్లను పరీక్షించాలి. వేళ్లకు తెల్లని పొడి పట్టి ఉంటే అది వేళ్లకు పట్టే పిండినల్లి, పైన ఎంత మందు చల్లినా ప్రయోజనం ఉండదు. పాత మట్టినంతా దులిపి, వేళ్లు కడిగి, కుళ్లినవి కత్తిరించి, వారం పాటు నీడలో ఆరనిచ్చి, కొత్త ఇసుక మట్టిలో నాటాలి. నాటిన తరువాత మరో వారం దాకా నీరు పోయకూడదు.