‘విజువల్ లెర్నర్’గా చదవడమా, పుస్తకం మూసి చదవడమా: ఏది మేలు?

‘‘నేను విజువల్ లెర్నర్‌ని సార్, వీడియో చూస్తేనే ఎక్కుతుంది.’’ ఇంటర్ బైపీసీ పిల్లలకు జువాలజీ చెప్పేవాళ్లందరికీ ఈ మాట అలవాటైపోయింది. పక్కనున్న పిల్ల తనకు వింటేనే వస్తుందంటుంది, ఇంకొకరు రాస్తే తప్ప బుర్రకెక్కదంటారు. ఆన్‌లైన్‌లో పది ప్రశ్నలకు జవాబులిచ్చి, వచ్చిన ఫలితాన్ని పట్టుకుని రెండేళ్ల చదువును దాని ప్రకారం మలుచుకుంటున్నారు. నా మటుకు నేను అలా చేయొద్దనే చెప్తాను. ఏ పద్ధతిలో చదవాలో మన ‘లెర్నింగ్ స్టైల్’ (నేర్చుకునే తీరు) కన్నా ఆ పాఠమే బాగా చెప్తుంది. ఇక చదివింది నిలవాలంటే, స్టైల్ ఏదైనా సరే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవాల్సిందే.

ఇలా ‘నేను ఫలానా రకం’ అని వేసే ముద్రల్లో బాగా ప్రచారంలోకి వచ్చింది ‘వార్క్’. న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ 1992లో దీన్ని పరిచయం చేశారు. చూడటం, వినడం, చదవడం-రాయడం, చేసి నేర్చుకోవడం అని నాలుగు రకాలు; వాటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలే ‘వార్క్’. ఎవరికి ఏది ఇష్టమో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది. కానీ ఇష్టమైన దారిలో చదివితే ఎక్కువ వస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2008లో హరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టి, స్టైల్‌కి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. 2018లో ఇండియానా యూనివర్సిటీ అనాటమీ విద్యార్థుల మీద అధ్యయనం చేస్తే, తమ స్టైల్ ప్రకారం చదివినవాళ్లకు మార్కులేమీ ఎక్కువ రాలేదు.

ఎందుకు రాలేదో గుండె పాఠం తీసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, మహాధమని. రక్తం నడిచే ఈ వరసను ‘నేను ఆడిటరీ, వింటేనే వస్తుంది’ అనుకునే పిల్ల ఎన్నిసార్లు విన్నా, ఏ గది పక్కన ఏ గది ఉందో మనసులో బొమ్మ కట్టకపోతే తికమక తప్పదు. ‘నేను విజువల్’ అనుకునే పిల్లాడు రంగుల బొమ్మ చూసి సరిపెట్టుకుంటే, ధమని అయ్యుండీ పుపుస ధమని ఆక్సిజన్ తక్కువున్న రక్తాన్ని ఎందుకు మోస్తుందో మాటల్లో చెప్పలేడు. ధమని అంటే గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది, అంతే. రక్తం మంచిదా చెడ్డదా అన్నదానితో ఆ పేరుకు సంబంధం లేదు. ఈ ఒక్క సంగతి నోటితో చెప్పుకుంటే తప్ప నిలవదు. కాబట్టి గుండెకు బొమ్మా కావాలి, మాటా కావాలి, అందరికీ. త్రికోణమితికి లెక్కలు చేయాలి. ఇంగ్లిష్ ఉచ్చారణకు చెవి పెట్టాలి.

ఇప్పుడు అసలు పోటీ: మళ్లీ మళ్లీ చదవడమా, మూసి గుర్తు తెచ్చుకోవడమా? సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగం చూడండి. విద్యార్థులు ఒక పాఠాన్ని రెండోసారి చదివారు, మరో పాఠాన్ని రెండోసారి చదవకుండా గుర్తున్నంత రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినదే ముందుంది: 81 శాతం, రాసింది 75. వారం తర్వాత అది తిరగబడింది: మళ్లీ చదివింది 42 శాతం, రాసింది 56.

ఆ మొదటి 5 నిమిషాల ఫలితమే మనల్ని మోసం చేస్తోంది. హైలైటర్ గీసిన పేజీని రెండోసారి చూస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది, హాయిగా ఉంటుంది. మూసి రాస్తే సగం రాదు, చిరాకేస్తుంది, తనకు రాదేమోనని పిల్లలు దిగులుపడతారు. ఆ తడుముకోవడం లోనే చదువు జరుగుతోందని వాళ్లకు ఓపిగ్గా చెప్పాలి. రేపు పొద్దున్నే స్లిప్ టెస్ట్ ఉందంటే ఒకసారి తిరగేయడం తప్పు కాదు. నీట్‌కు, ఎప్‌సెట్‌కు మాత్రం అది చాలదు.

చేసే తీరు కష్టమేమీ కాదు. గుండె పేజీ ఒకసారి శ్రద్ధగా చదవాలి, పుస్తకం మూసి తెల్లకాగితం మీద బొమ్మ గీసి, బాణాలు పెట్టి, పేర్లు రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి తప్పుల్ని ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులాగి ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి, ప్రతిసారీ కొత్త కాగితం మీద. దిద్దుకోవడం మానేస్తే తప్పులే బలపడతాయి, అది మాత్రం వదలకూడదు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం మనకు కొత్తేమీ కాదు: అవధానులు చివర్లో ధారణ చేసేటప్పుడు చేతిలో కాగితం ఉండదు కదా, పద్యాలన్నీ లోపలి నుంచే రావాలి.

ఇళ్లలో పెద్దలు ‘గట్టిగా చదవరా’ అంటుంటారు. దానిలోనూ పస ఉంది. పైకి చదివిన మాటలు మౌనంగా చదివినవాటి కన్నా బాగా గుర్తుంటాయని కెనడాలో కోలిన్ మాక్లాయిడ్ బృందం 2010లో చూపించింది. అది ‘ఆడిటరీ’ పిల్లలకే పరిమితం కాదు.

మరి మనిషికీ మనిషికీ తేడా లేదా అంటే, ఉంది. ఆ పాఠం గురించి ముందే ఎంత తెలుసు అన్నది అన్నిటికన్నా పెద్ద తేడా. సమాకలనం (ఇంటిగ్రేషన్) ఇప్పుడే మొదలుపెట్టిన వాడికి ఖాళీ కాగితం ఇచ్చి కూర్చోబెడితే బెదిరిపోతాడు. అతనికి ముందు చేసి చూపిన లెక్కలు కావాలి, ఒక్కో మెట్టూ ఎందుకో అర్థం కావాలి. పట్టు దొరికాక సొంతంగా చేయనివ్వాలి. తెల్లవారుజామునా రాత్రా, ఒంటరిగానా తోడుతోనా లాంటివి ఇష్టాన్ని బట్టి ఎంచుకోవచ్చు.

చూపు సమస్యో, డిస్లెక్సియానో (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఉన్న పిల్లల సంగతి వేరు. వాళ్లకు వినే పాఠం ఇష్టాయిష్టాల విషయం కాదు, అవసరం. అది అడిగితే తల్లిదండ్రులు, కాలేజీవాళ్లు కాదనకూడదు. ఆ పిల్లలు కూడా పది నిమిషాలు విన్నాక ఆడియో ఆపి, విన్నదాన్ని సొంత మాటల్లో చెప్పి, మళ్లీ ప్లే చేసి సరిచూసుకోవచ్చు.