కార్బన్ డయాక్సైడ్ పట్టే బొగ్గు: ఆవిరితోనా, పొటాష్‌తోనా?

బొగ్గులో వాయువును పట్టే రంధ్రాలు చేయడానికి ఆవిరి పద్ధతి సులువు. బొగ్గు మీదుగా 800–900 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి ఆవిరి పంపితే అది కార్బన్‌ను తినేస్తూ రంధ్రాలు చేస్తుంది. ఆమ్లంతో కడిగే పని లేదు. ఎక్కువసేపు ఉంచితే మాత్రం రంధ్రాలు వెడల్పవుతాయి, బొగ్గూ తరుగుతుంది.

కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) అయితే గ్రాము బొగ్గుకు 2 గ్రాములు కలిపి, నైట్రోజన్‌లో 600–700 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. 4 గ్రాములు వేసి 800 దాకా తీసుకెళ్తే ఉపరితల వైశాల్యం పెరిగి అంకె ఘనంగా కనిపిస్తుంది, తీరా చూస్తే 1 బార్ (దాదాపు మామూలు గాలి పీడనం) దగ్గర వాయువు పట్టడం తగ్గిపోవచ్చు. ఆ పీడనంలో ముఖ్యంగా పనిచేసేవి 0.8 నానోమీటర్ల లోపు సన్న రంధ్రాలే. పాళ్లు కుదిరితే 25 డిగ్రీల దగ్గర గ్రాము బొగ్గు పట్టే వాయువు 4 మిల్లీమోల్‌లు (పదార్థ పరిమాణానికి కొలత) దాటుతుంది. ఆవిరి బొగ్గు సాధారణంగా 2–3 దగ్గరే ఆగుతుంది.

తంటాలన్నీ పొటాష్‌తోనే. అల్యూమినా మూసను (వేడిచేసే పింగాణీలాంటి పాత్రను) కొరికేస్తుంది, నికెల్‌ది వాడాలి. వేడి ఎక్కువైతే లోహ పొటాషియం మిగలొచ్చు, దాని మీద నీళ్లు పడితే మంటే. పూర్తిగా చల్లారాక, నైట్రోజన్ ఆపకుండా ఇథనాల్‌తో తడపాలి. ఆపై పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తర్వాత పీహెచ్ 7 వచ్చేదాకా వేడి నీళ్లు. లవణం మిగిలితే సన్న రంధ్రాలే ముందు మూసుకుపోతాయి.

టన్నుల్లో కావాలంటే నా ఓటు ఆవిరికే.