బాడీ పైకి లేపి చేసే మరమ్మతు: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

ఛాసిస్ (ఇంజనూ చక్రాలూ మోసే కింది ఇనుప చట్రం) వేరుగా, బాడీ వేరుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి పెద్ద రిపేరు పడితే బాడీని పైకి లేపి చేయడమే మేలని నా గట్టి నమ్మకం. రెండు స్తంభాల లిఫ్టు బిగించుకుని ఏళ్లుగా నా బండ్లకూ, స్నేహితుల బండ్లకూ ఇదే పద్ధతిలో పని చేస్తున్నాను. లిఫ్టు ఎలా పనికొచ్చింది, పద్ధతిలో కష్టసుఖాలేమిటి, అలా విప్పి బిగించిన బండ్లు ఇప్పుడెలా నడుస్తున్నాయి అన్న మూడు సంగతులూ కలిపి రాస్తున్నాను.

ఇది అన్ని బండ్లకూ కుదరదు. 1984లో వచ్చిన జీప్ చెరోకీ, 2020లో వచ్చిన కొత్త డిఫెండర్ వంటి వాటికి బాడీయే ఛాసిస్. విడదీయడానికి అక్కడ ఏమీ లేదు. 2016 వరకు తయారైన పాత డిఫెండర్, ల్యాండ్ క్రూజర్ 80, 2004లో వచ్చిన డిస్కవరీ 3 వంటివి ఈ పనికి తగినవి. డిస్కవరీ 3 బాడీ తనంతట తానే గట్టిగా నిలిచే పెట్టె, దాన్ని ఛాసిస్ మీద బోల్టులతో బిగించారు. కాబట్టి ఎత్తినా వంగదు. 6.0 లీటర్ల డీజిల్ ఇంజనున్న ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్‌లకు సిలిండర్ హెడ్ (ఇంజను సిలిండర్ల పైమూత) పని పడితే క్యాబిన్ లేపడం మెకానిక్‌లకు మామూలు సంగతే. పైకప్పు లేని పాత జీపు బాడీలు మాత్రం తలుపుల దగ్గర వంగే ప్రమాదం ఉంది. వాటికి ముందుగా తలుపు ఖాళీల్లో అడ్డంగా ఇనుప పట్టీలు బిగించాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, ఇంజను వెనుక భాగం కోసం. టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం), ఎగ్జాస్ట్ మానిఫోల్డు (సిలిండర్ల పొగను ఒకచోట కలిపే గొట్టం), గేరుబాక్సు పై బోల్టులు బాడీ గోడకు ఆనుకున్నట్టే ఉంటాయి. అక్కడ వేలికొసలతో తడుముకుంటూ చేసే పనిలో నాణ్యత ఉండదు. మానిఫోల్డును హెడ్‌కు బిగించే స్టడ్డు (తల లేని బోల్టు) విరిగి, దాన్ని డ్రిల్లుతో తీయాల్సి వచ్చిందనుకోండి. బాడీ ఉండగా డ్రిల్లు నిటారుగా పట్టే వీలే లేదు, వంకరగా దిగిందంటే సిలిండర్ హెడ్ పాడవుతుంది. బాడీ లేకపోతే ఇంజను పక్కన నిలబడి, వెలుతురులో, కంటికి ఎదురుగా పెట్టుకుని డ్రిల్లు వేయవచ్చు. టార్క్ రెంచి (బోల్టును కొలిచినంత బిగువుతోనే బిగించే పనిముట్టు) ప్రతి బోల్టుకూ అందుతుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు.

ఇక లిఫ్టు. నాది నాలుగు టన్నుల సామర్థ్యం ఉన్నది, రెండు స్తంభాలనూ కలిపే అడ్డ దూలం పైన ఉన్న రకం. కొన్నింటికి స్తంభాలను కలిపే పట్టీ నేల మీద ఉంటుంది. మామూలు సర్వీసుకు అదీ బాగానే ఉంటుంది గానీ, ఈ పనికి వద్దు. బాడీ లేపాక ఛాసిస్‌ను చక్రాల మీదే బయటికి తోయాలి, ఆ పట్టీ ప్రతిసారీ అడ్డం పడుతుంది. పైదూలం రకం కొనేవారు పైకప్పు ఎత్తు జాగ్రత్తగా కొలుచుకోవాలి. టర్బో తగలకుండా ఛాసిస్ బయటికి రావాలంటే బాడీ చాలా ఎత్తుకు పోవాలి, ఆ బాడీ ఎత్తు కూడా దానికి కలుస్తుంది. బండిని మోసే లిఫ్టు చేతుల చివర ఉండే రబ్బరు ప్యాడ్లు ఛాసిస్‌కు కాకుండా బాడీకే ఆనాలి. అందుకు పొడవు పెంచే ముక్కలు కావాలి, లిఫ్టుతో పాటే తీసుకోండి. కాంక్రీటులో దిగిన యాంకర్ బోల్టుల బిగువును తరచూ చూసుకుంటాను, పనిలోకి దిగే ముందు బరువును మెకానికల్ లాక్‌ల (స్తంభంలోని ఇనుప ఆపుల) మీదికి దించుతాను. హైడ్రాలిక్‌ను (లిఫ్టును ఎత్తే నూనె ఒత్తిడిని) మాత్రమే నమ్మి కిందికి వెళ్లను.

ఎత్తే ముందు తలుపుల కింది సిల్స్‌ను సుత్తితో తట్టి చూడాలి. తుప్పు పట్టి డొల్లగా మోగితే ముందు ఆ వెల్డింగు పని చేయించాలి, ఎందుకంటే బరువంతా అక్కడే పడుతుంది. ఇంకో సంగతి, ఇంజనూ గేరుబాక్సూ కింద ఉండిపోతాయి కనుక బాడీ బరువు వెనక్కి జరుగుతుంది. మామూలుగా బండినంతా ఎత్తేటప్పుడు పెట్టిన చోటే చేతులు పెడితే బాడీ వెనక్కి వాలుతుంది.

విప్పే పనిలో స్టీరింగ్ గురించే ఎక్కువ చెప్పాలి. కాలమ్ జాయింటు (స్టీరింగ్ కడ్డీని కింది భాగంతో కలిపే కీలు) విప్పే ముందు చక్రాలు తిన్నగా పెట్టి, గుర్తు గీసి, స్టీరింగ్ లాక్ చేయాలి. స్టీరింగ్ లోపల ఎయిర్‌బ్యాగుకు కరెంటు అందించే చుట్టల పట్టీ ఒకటి ఉంటుంది. కింద జాయింటు లేకుండా స్టీరింగ్ ఇష్టమొచ్చినట్టు తిరిగితే అది తెగుతుంది. ఏసీ గ్యాసును యంత్రంతోనే తీయించాలి, గాలిలోకి వదలకూడదు. ఏసీల్లో వాడే ఆర్134ఎ వాయువు వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడు కంటే దాదాపు 1,430 రెట్లు వేడిని పెంచుతుంది. బ్రేకు పైపులు, హీటరు గొట్టాలు, గేరు కేబుల్, డీజిల్ పోసే మెడ గొట్టం, వైరింగ్ కప్లర్లు అన్నీ విప్పాక కూడా ఏదో ఒక ఎర్త్ వైరు దాక్కునే ఉంటుంది. అందుకే మొదట నాలుగైదు సెంటీమీటర్లే లేపి ఆపుతాను. టార్చి పట్టుకుని చుట్టూ తిరిగి, బిగుసుకున్న వైరు గానీ గొట్టం గానీ లేదని తేలాకే మళ్లీ మీట నొక్కుతాను.

బాడీ బోల్టులు ఈ పద్ధతిలో అతి చికాకు భాగం. తుప్పు పట్టిన బోల్టును బలవంతంగా తిప్పితే నట్టు తన గూట్లోంచి ఊడి బోల్టుతో పాటే తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు కోసి తీయడం తప్ప దారి లేదు. కొన్ని రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె పోస్తూ, కాస్త విప్పుతూ కాస్త బిగిస్తూ ఓపికగా తీయాలి. మంట పెట్టాలంటే పక్కన ఏ గొట్టం పోతుందో చూసుకోవాలి. ఏ మౌంటు (బాడీ ఛాసిస్ మీద ఆనే చోటు) కింద ఎన్ని వాషర్లు ఉన్నాయో రాసిపెట్టుకోవాలి. అవి తారుమారైతే తలుపుల సందులు తేడా వస్తాయి.

ఛాసిస్ బయటికి వచ్చాక దానికి బ్రేకులూ ఉండవు, స్టీరింగూ ఉండదు. చక్రాల కింద దిమ్మలు పెట్టకుండా చేయి వేయకూడదు. ఆ తర్వాతి రోజులే నాకు అన్నిటికంటే ఇష్టం. ఛాసిస్ పై అంచున ఏళ్లుగా పేరుకున్న మట్టి, దాని కింద తినేసిన బ్రేకు పైపులు, పగిలిన గేరుబాక్సు గాలి గొట్టం, రాపిడికి ఒలిచిపోయిన వైర్లు అప్పుడే కనిపిస్తాయి. వాటన్నిటినీ మార్చి, ఛాసిస్ లోపలికి మైనపు పూత కొట్టిస్తాను. మౌంటు రబ్బర్లు బాగున్నట్టు కనిపించినా కొత్తవే వేస్తాను.

లోటుపాట్లు చాలానే ఉన్నాయి. చోటు రెట్టింపు కావాలి, బాడీ దించేటప్పుడు రెండో మనిషి తప్పనిసరి. తిరిగి బిగించాక బ్రేకుల్లో గాలి తీయడానికి, కొన్ని బండ్లలో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే) యూనిట్‌లో గాలి పోవడానికి, స్టీరింగ్ సెన్సార్ సరిచేయడానికి స్కానర్ (బండి కంప్యూటర్‌కు తగిలించే పరికరం) ఉండాలి. ఏసీ పైపుల ఓ-రింగులు (అతుకుల్లోని రబ్బరు రింగులు) పాతవే వేస్తే కొన్నాళ్లకే గ్యాసు పోతుంది. బాడీ బోల్టులన్నీ వదులుగా పెట్టి, రంధ్రాలు కలిశాక, విడతలుగా బిగించాలి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ టార్క్ చూడాలి. ఈ చివరి పని చాలామంది వదిలేస్తారు, తర్వాత బాడీ కిర్రుమంటోందని పద్ధతిని తిడతారు.

నేను చేసిన బండ్లలో తలుపుల సందులు చెదరలేదు, గతుకుల మీద బాడీ చప్పుడు మునుపటికంటే తగ్గింది. అది కొత్త రబ్బర్ల పుణ్యం. టర్బో ఒక్కటే మార్చాల్సి ఉండి, పక్క నుంచి చేయి దూరే బండి అయితే బాడీ జోలికి పోవద్దనే చెబుతాను. టర్బోతో పాటు మానిఫోల్డు, వెనుక ఆయిల్ సీలు, గేరుబాక్సు కూడా వరుసలో ఉంటే మాత్రం నేను ముందుగా బాడీ బోల్టులకే నూనె పోస్తాను.