తల దెబ్బ తర్వాత మాగ్నెట్ వైద్యం: రెండేళ్ళు వాడాక నా మాట

అసలు విషయం ముందే చెప్పేస్తాను. టీఎంఎస్, అంటే తల మీద అయస్కాంతపు కాయిల్ ఆనించి చేసే ఈ మాగ్నెట్ వైద్యం, నా దిగులు చాలావరకు తీసింది. మతిమరుపు మాత్రం తియ్యలేదు. తల దెబ్బ తగిలిన వాళ్ళింట్లో ఈ రెండూ ఒకటే జబ్బు అనుకుంటారు, క్లినిక్కుల్లో కొందరు అలా అనుకోనిస్తారు కూడా. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి ఈమధ్య నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే రాసి పెట్టడమే మేలనిపించింది.

నాది పర్లాకిమిడిలో బట్టల కొట్టు. పాతపట్నం రోడ్డులో బండి మీంచి పడ్డాను. నుదురు వెనక మెదడు కమిలిందని సీటీలో కనబడింది, ఆపరేషన్ మాత్రం అక్కర్లేదన్నారు. ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటమ్ కొన్నాళ్ళు వాడించి ఆపేశారు. బయటికి చూస్తే మచ్చ తప్ప ఏమీ లేదు. కానీ పొద్దున్న లేస్తే షట్టరు ఎత్తబుద్ధయ్యేది కాదు. బేరమాడే ఆడవాళ్ళని కసిరేసేవాణ్ణి. ఎవరైనా చిలకపచ్చ చీర అడిగితే బీరువా దాకా వెళ్ళేలోపే ఏ రంగు అడిగారో పోయేది. వాసన పూర్తిగా పోయింది. పొయ్యి మీద కూర మాడి ఇల్లంతా పొగ కమ్మేదాకా పక్కగదిలో నాకు తెలీలేదు. డిప్రెషన్ మాత్రలు మార్చి మార్చి వాడినా పెద్ద తేడా లేదు. అప్పుడు విశాఖలో నేను చూపించుకుంటున్న సైకియాట్రీ డాక్టరు గారు టీఎంఎస్ మాట ఎత్తారు.

"కరెంటు పెడతారట్రా" అని మా మావయ్య హడలగొట్టాడు. ఆ కరెంటు షాకు వైద్యం వేరు, ఇది వేరు. ఇందులో మత్తు ఇవ్వరు, ఫిట్ తెప్పించరు, కూర్చున్నంతసేపూ మెలకువగానే ఉంటాం. తల మీద ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న కాయిల్ ఆనిస్తారు. అందులో కరెంటు క్షణంలో పుట్టి పోతుంటే అయస్కాంత క్షేత్రం ఎముక దాటి లోపలికి వెళ్ళి, అక్కడి నరకణాల్లో చిన్న కరెంటు పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. మనిషి మెదడు మీద ఇలా పనిచేయించింది 1985లో, ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం. బలం ఎమ్మారై మిషనంత ఉంటుంది, ఒకటిన్నర రెండు టెస్లాలు. కానీ మామూలు కాయిల్‌తో లోతు రెండు మూడు సెంటీమీటర్లు దాటదు. అందుకే మెదడు పైపొరలో, ఎడమ నుదురు వెనక ఉన్న చోటుని ఎంచుకుంటారు.

మందులకి లొంగని డిప్రెషన్‌కి దీన్ని వాడొచ్చని అమెరికాలో మందులకీ మిషన్లకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2008లో ఒప్పుకుంది. తల దెబ్బకి మాత్రం అలాంటి ఆమోదం లేదు. దెబ్బ తర్వాత వచ్చే దిగులు మీద జరిగిన పరీక్షలు చిన్నవి, ఫలితాలు ఒక్కతీరుగా రాలేదు. కొన్నింట్లో ఉత్తుత్తి కాయిల్ పెట్టినవాళ్ళు కూడా దాదాపు అంతే తేరుకున్నారు. ఇది నాకు మొదట చెప్పింది డాక్టరు గారే, అందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది. అంతకుముందు ఇంకో చోట అడిగితే రిసెప్షనులోనే "జ్ఞాపకశక్తి వందశాతం వస్తుంది, ప్యాకేజీ తీసుకోండి" అన్నారు. ఆ చోటి పేరు ఇక్కడ రాయను.

మొదటిరోజు బొటనవేలి పరీక్ష. నెత్తికి గుడ్డ టోపీ తొడిగి, టేపుతో కొలిచి, స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టారు. చెయ్యి ఒళ్ళో వదిలేసి కూర్చోమన్నారు. కాయిల్ అటూ ఇటూ జరుపుతూ ఒక్కొక్క అయస్కాంతపు దెబ్బే వదులుతుంటే ఒకచోట నా కుడి బొటనవేలు దానంతటదే ఎగిరింది. నేను కదపలేదు! ఆ వేలు ఎగరడానికి ఎంత తక్కువ బలం సరిపోతుందో చూసి, దాన్నిబట్టి వైద్యానికి మోతాదు కడతారు. ఈ పరీక్ష చెయ్యకుండా అందరికీ ఒకే నంబరు పెట్టేచోట కూర్చోకండి.

తర్వాత సిటింగులు. వారానికి అయిదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. సెకనుకి పదిసార్లు చొప్పున నాలుగు సెకన్లు కొట్టి, ఇరవయ్యారు సెకన్లు ఆగుతుంది. అలా ముప్పై ఏడున్నర నిమిషాలు. కుట్టుమిషను సూదికింద నెత్తి పెట్టినట్టే ఉంటుంది, సూది మాత్రం దిగదు. కనుబొమ మీద కండ అదురుతుంది, ఒక్కోసారి పళ్ళు టకటకమంటాయి. చప్పుడు మామూలుగా ఉండదు, ఇయర్ ప్లగ్స్ అడిగి మరీ పెట్టించుకోండి. మొదటివారం సాయంత్రాలు తలనొప్పి, పారాసెటమాల్ వేసుకునేవాణ్ణి. రెండోవారానికి చర్మం అలవాటు పడింది. ఆ రోజుల్లో విశాఖ గోపాలపట్నంలో మా తోడల్లుడి ఇంట్లో ఉండి, వారాంతాల్లో గుణుపురం పాసింజర్లో ఇంటికొచ్చేవాళ్ళం.

మిషను దగ్గరుండే అమ్మాయి రోజూ ఒకే ప్రశ్న వేసేది: "బాబాయ్ గారూ, రాత్రి నిద్రపోయారా?" మర్యాదకి అడుగుతోంది అనుకునేవాణ్ణి. బరంపురం మా అత్తవారి ఊరు. ఒకసారి అక్కడి అమ్మవారి జాతరకి, ఠాకురాణి యాత్రకి వెళ్ళి, తెల్లవార్లూ తిరిగి, తిన్నగా రైలెక్కి క్లినిక్కుకి వెళ్ళాను. ఆ అమ్మాయి నా కళ్ళు చూసి కాయిల్ పెట్టనే లేదు. డాక్టరు గారిని పిలిచింది, ఆయన రేపు రమ్మని పంపేశారు. నిద్ర లేకపోతే ఫిట్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మామూలు మనుషుల్లో టీఎంఎస్ వల్ల ఫిట్ రావడం చాలా అరుదు. మెదడు దెబ్బతిన్న మాబోటివాళ్ళకి ముప్పు అంతకంటే ఎక్కువ. మద్యం తాగినా అంతే, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా అంతే. అందుకే మొదట్లోనే ఈఈజీ (మెదడులో కరెంటు తీరు చూసే పరీక్ష) తీయించి, మాత్రలన్నీ బల్లమీద పెట్టించుకుని చూశారు. మనవాళ్ళు నడుంనొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు కూడా ఆ బల్లమీదికి రావాలి.

తేడా నాకంటే ముందు మా ఆవిడకి తెలిసింది. మూడోవారం దాటాక ఒకరోజు "ఏటండీ, ఇయాల మీరే కేరేజీ అడిగేరు?" అంది. నిజమే. అప్పటిదాకా పెడితే తినడమే. ఆ తర్వాత కసురు తగ్గింది, షట్టరు తీసే వేళకి నేనే తాళాలు వెతుక్కున్నాను. ఇదంతా మాగ్నెట్ గొప్పే అని ప్రమాణం చెయ్యలేను. మాత్రలు పక్కన నడుస్తూనే ఉన్నాయి, రోజూ ఒక వేళకి తయారై బయటికి వెళ్ళడం కూడా మంచే చేసి ఉంటుంది.

మతిమరుపు దగ్గరికొస్తే, చిలకపచ్చ చీర ఇప్పటికీ దారిలో పోతుంది. అక్కడ నన్ను ఆదుకున్నది ఒక జేబు నోటుబుక్కు. వచ్చినవాళ్ళు ఏం అడిగితే అది వాళ్ళముందే రాసుకుంటాను. బరంపురం పట్టు అరలకి నంబర్లు వేశాను. పద్ధతి నేర్పింది రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ ఆవిడ, ఆవిడ తీసుకున్న ఫీజు ఈ మిషను ఖర్చు పక్కన లెక్కలోకి రాదు. వాసన రాలేదు, వస్తుందని ఎవరూ అననూ లేదు. ఇంట్లో గ్యాస్ లీకయితే మోగే అలారం పెట్టించాం.

ఎనిమిది తొమ్మిది నెలలకి దిగులు మళ్ళీ తలుపు తట్టింది. రెండోసారి తీటా బర్స్ట్ అనే పద్ధతి పెట్టారు. ఆరువందల దెబ్బలు, మొత్తం మూడు నిమిషాల చిల్లర. పాత పద్ధతికి ఇది ఏమీ తీసిపోదని డిప్రెషన్ రోగుల మీద చేసిన పెద్ద పరీక్షలో 2018లో తేలింది. బాగానే ఉంది గానీ, పర్లాకిమిడి నుంచి పూట పూటంతా రైల్లో కూర్చుని వెళ్ళి మూడు నిమిషాల్లో లేచి రావడం చూస్తే నవ్వొస్తుంది. ఈ విడత కూడా పనిచేసింది, మొదటిసారంత కొట్టొచ్చినట్టు కాదు.

ఖర్చు సిటింగుకి రెండువేల దాకా పడింది, ఉండడం తిండి వేరే. మాది ఒడిశా చిరునామా, ఆంధ్రావాళ్ళ ఆరోగ్యశ్రీ మాకు వర్తించలేదు. అంతా చేతి డబ్బే.

తలలో ఇనుప ముక్క, రక్తనాళం క్లిప్పు, వినికిడికి చెవిలోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్ళు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ముందు పాత ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్ళి చూపించాలి. పుర్రె ఎముక తీసినవాళ్ళూ, ప్లేటు వేయించుకున్నవాళ్ళూ అంతే, అది టైటానియం అయినా సరే. దెబ్బ తర్వాత ఒక్కసారైనా ఫిట్ వచ్చిన మనిషిని న్యూరాలజీ డాక్టరు చూడకుండా ఆ కుర్చీలో కూర్చోబెట్టొద్దు. క్లినిక్కుకి ఫోన్ చేసినప్పుడు "సిటింగు మధ్యలో ఫిట్ వస్తే మీ దగ్గర ఎవరుంటారు, ఏం చేస్తారు?" అని అడగండి. నేను అడిగితే విశాఖ వాళ్ళు ఆక్సిజన్ సిలిండరు ఎక్కడుందో, ఏ ఇంజెక్షన్ సిద్ధంగా ఉందో చెప్పారు. ప్యాకేజీ వాళ్ళు "అలాంటివి మా దగ్గర జరగవండీ" అన్నారు.