కండరాల బిగువుతో పాటు ఎముకలనూ చూసిన పిల్లల క్లినిక్

సెరిబ్రల్ పాల్సీ (చిన్నతనంలోనే మెదడుకు కలిగిన హాని వల్ల కదలికలు దెబ్బతినే స్థితి) ఉన్న మా అమ్మాయికి కాళ్ల బిగువు తగ్గించే చికిత్సను హైదరాబాదులోని ఒక పిల్లల పునరావాస కేంద్రంలో చేయిస్తున్నాం. బిగుసుకున్న కండరాలను సడలించే బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్లు చాలాచోట్ల ఇస్తారు. అయితే వాటి ప్రభావం సాధారణంగా మూడు నాలుగు నెలలే ఉంటుందనీ, ఆ వ్యవధిలో ఫిజియోథెరపీ, స్ప్లింట్లు (కాళ్లను సరైన స్థితిలో ఉంచే ఊతలు) క్రమంగా సాగకపోతే పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం దక్కదనీ ఇక్కడ ముందే చెప్పారు. బిగువు తగ్గించేందుకు నోటిద్వారా ఇచ్చే బ్యాక్లోఫెన్ అనే మందు నిద్రమత్తు కలిగించవచ్చనీ, దాన్ని హఠాత్తుగా మానకూడదనీ తెలుగులోనే రాసి ఇచ్చారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఎముకల విషయంలో వారు చూపిన శ్రద్ధ. నడవలేని పిల్లల ఎముకలపై శరీర బరువు తగినంత పడదు కనుక అవి పలచబడి, ముఖ్యంగా తొడ ఎముక మోకాలి పైభాగాన, ఒక్కోసారి బట్టలు మార్చేటప్పుడే విరగవచ్చు. దీనికి తోడు ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్ వంటి మందులు శరీరంలోని విటమిన్ డి ని తగ్గించగలవు. అందుకే పాత చీటీలన్నీ చదివి, విటమిన్ డి పరీక్షతో పాటు, తుంటి కీలు పక్కకు జరుగుతోందేమో తెలుసుకోవడానికి ఎక్స్‌రే కూడా తీయించారు. పిల్లలను ఆసరాతో నిలబెట్టే స్టాండింగ్ ఫ్రేమ్ వల్ల ఎముకలు తప్పక గట్టిపడతాయని ఆశ పెట్టకుండా, ఆధారాలు పరిమితమేనని థెరపిస్టు ఒప్పుకోవడం (ఈ నిజాయితీ అరుదు) నమ్మకం కలిగించింది.

లోపాలూ ఉన్నాయి. కాళ్లు వంగి బిగుసుకున్న పిల్లలకు తొడ ఎముక కింది భాగాన్ని పక్కనుంచి తీసి ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ ఇక్కడ లేదు. లిఫ్టులో వీల్‌చెయిర్ ఇరుకుగా పడుతుంది. శనివారం రద్దీ ఎక్కువ కనుక వారం మధ్యలో వెళ్లడం మేలు.