ఉసికెలో పడవ బండి: నాలుగు ఎండాకాలాలు, మూడు జతల చక్రాలు

మా అక్కావాళ్ళది ఏటూరునాగారం దగ్గర. బావ మత్స్యకారుల సొసైటీలో మెంబర్. హన్మకొండ నుంచి నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి ఆయనతో గోదారి మీదికి పోతుంటాను. నాలుగేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక గాలి పడవ కొన్నాను. పీవీసీది, 2.7 మీటర్ల పొడవు, అడుగున ప్లైవుడ్ పలకలు, బరువు 38 కిలోలు. వల, ఐస్ పెట్టె, తెడ్లు, నీళ్ళ క్యాన్ వేస్తే 60 దాటుతుంది. నీళ్ళ మీద దానికి వంక పెట్టడానికి లేదు. తిప్పలన్నీ ఒడ్డు మీదే, దాన్ని నీళ్ళ దాకా లాగే చక్రాలతోనే.

వానాకాలంలో రామన్నగూడెం వైపు నీళ్ళు గట్టు దాకా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో చూడాలి. కారు ఆపిన చోటు నుంచి నీళ్ళ దాకా అంతా ఉసికే. మేం దిగే చోట ఒక్కోసారి మూడు వందల అడుగులు, ఒక్కోసారి అంతకు రెట్టింపు నడవాలి.

పడవతోపాటే వెనక చెక్కకు బిగించే మడత చక్రాలు వచ్చాయి. పది అంగుళాల ఎత్తు, మూడు అంగుళాల వెడల్పు, గట్టి ప్లాస్టిక్. సిమెంటు ర్యాంపు మీద పిల్లాడు కూడా లాగేయగలడు. ఉసికెలో పది అడుగులు పోయేసరికి ఇరుసు దాకా కూరుకుపోయాయి. నేను ముందు తాడు పట్టి గుంజుతుంటే వెనక రెండు చాళ్ళు పడుతున్నాయి. బావ వెనక నిలబడి, "బామ్మర్దీ, పడవ గుంజుతున్నవా, పొలం దున్నుతున్నవా?" అన్నాడు. చివరికి ఇద్దరం మోసుకునే పోయాం. ఆ ఏడాదంతా మోతే. పైగా బోల్టుల వెనక పట్టీ వేయకుండా బిగించింది నేనే కాబట్టి, చెక్కలో రంధ్రాలు వదులై నీళ్ళు దిగాయి, ప్లైవుడ్ ఉబ్బింది. ఆ తప్పు నాదే.

రెండో ఏడు వరంగల్‌లో ఒక వెల్డింగ్ షాపులో బండి చేయించాను. అంగుళంన్నర జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) ఇరుసు, పాత ఆటో టైర్లు రెండు, 4.00-8 సైజువి. చక్రం పెద్దదైతే దిగబడదని నా లెక్క. సగమే నిజం. గుంతలూ రాళ్ళూ దాటడానికి ఎత్తు పనికొస్తుంది, ఉసికెలో మాత్రం నేలకు ఎంత మేర ఆనుతోంది అన్నదే లెక్క. ఒక్కో చక్రం మీద 25 కిలోలు పడుతున్నాయనుకోండి. టైరులో 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఉంటే నేలకు ఆనేది అగ్గిపెట్టె అంత కూడా ఉండదు. 2 పీఎస్ఐ ఉంటే రెండు అరచేతులంత మేర పరుచుకుంటుంది. ఆటో టైరులో గాలి తీస్తే సరిపోతుంది కదా అని 8 దాకా దించాను. కొంత నయమైంది కానీ పూర్తిగా కాదు, ఎందుకంటే ఆ టైరు గోడలు వందల కిలోలు మోయడానికి చేసినవి. మన 25 కిలోలకు అవి వంగనే వంగవు. ఇంకా దించితే టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వు మొదట్లో చినిగింది.

అయినా ఆ టైర్లను పారేయలేదు. పరకాల వైపు మా ఊరి చెరువుకు బండికి వాటినే తొడిగి తీసుకుపోతాను. అక్కడ కట్ట మీద రాళ్ళు, కింద ఎండి పగిలిన నల్లరేగడి, చుట్టూ సర్కారు తుమ్మ. అలాంటి చోట ఆటో టైరును మించింది లేదు. రేగడి తడిగా ఉంటే మాత్రం ఏ చక్రమూ పనిచేయదు, బురద అంటుకుని లడ్డూ అవుతుంది.

మూడోది బెలూన్ చక్రాలు. బీచ్‌లలో వాడేవి, పదహారు అంగుళాల ఎత్తు, ఎనిమిది అంగుళాల వెడల్పు, లోపల 2 పీఎస్ఐ గాలి. కొరియర్‌తో కలిపి జత 18,000 పడింది. ఇంట్లో చెప్పిన ధర వేరే. అదే ఇరుసుకు ఎక్కించి మొదటిసారి ఉసికెలోకి దింపినప్పుడు వెనక్కి తిరిగి చూశాను. చాళ్ళు లేవు, చాప ఈడ్చినట్టు రెండు పట్టీలు పడ్డాయంతే. నడుముకు తాడు కట్టుకుని ఒక్కడినే నీళ్ళ దాకా పోయాను. బావ ఏమీ అనలేదు, తిరిగి వచ్చేటప్పుడు తాడు తనే తీసుకున్నాడు.

ఇరుసును పడవ నడిమధ్యలో పెట్టకండి. కొంచెం వెనక్కి జరపాలి, ముందు భాగం చేతికి ఓ పది కిలోల బరువు తగలాలి. నడిమధ్యలో ఉంటే చిన్న గుంతకే ముక్కు పైకి లేచి ఐస్ పెట్టె వెనక్కి జారుతుంది.

ఇక ఈ చక్రాల ప్రకటనల్లో చెప్పని సంగతి పల్లేరు కాయలు. సముద్రపు బీచ్ ఫోటోల్లో అవి కనబడవు. మా రేవులో రోడ్డు దిగాక మొదటి యాభై అడుగులు గట్టి నేల, ఎండాకాలంలో ఎండిన పల్లేరు కాయలు మూడు వైపులా ముళ్ళతో పడి ఉంటాయి. రెండో ట్రిప్పులోనే ఎడమ చక్రం మెత్తబడింది. సబ్బు నీళ్ళు పోసి చూస్తే నాలుగు చోట్ల బుడగలు. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే, ముళ్ళ మీద నడపడం వారంటీలోకి రాదన్నారు. పడవకు వాడే పీవీసీ అతుకు, ఆ జిగురుతోనే సరిచేశాను. అప్పటి నుంచి ఆ యాభై అడుగులూ ఇద్దరం మోస్తాం, ఉసికె మొదలయ్యాకే చక్రాలు తొడుగుతాం. పిన్ను లాగితే ఊడివచ్చేలా చేయించడం వల్ల నిమిషం పని.

ఎండ ఇంకో సమస్య. పొద్దున మెత్తగా ఉన్న చక్రం మధ్యాహ్నం కారు డిక్కీలో బంతిలా బిగుసుకుంటుంది. ఒకసారి కుట్టు దగ్గర ఉబ్బు కనబడి టెన్షన్ పడ్డాను. ఇప్పుడు నీళ్ళలోకి దిగే ముందే కాస్త గాలి వదిలి, తువ్వాలు తడిపి కప్పి పెడతాను.

ఈ బెలూన్ చక్రాలు పెద్దవి కాబట్టి పడవకు మడిచి పెట్టలేం, బండిని ఒడ్డునే వదలాలి. ఒకరోజు తిరిగొచ్చేసరికి బండి లేదు. ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాను. తీరా చూస్తే నీళ్ళు జానెడు పెరిగి, అది తేలుకుంటూ వంద అడుగుల దిగువన తుంగలో చిక్కుకుంది. ఆటో టైర్ల బండి అయితే కదిలేది కాదేమో. ఇప్పుడు గునపం పాతి కడతాం.

స్టెయిన్‌లెస్ ఇరుసు అంటూ డబ్బులు పెట్టకండి, అది ఉప్పునీళ్ళకు. గోదారి మంచినీళ్ళలో నా జీఐ పైపు మూడేళ్ళయినా గట్టిగానే ఉంది. బేరింగులు మాత్రం ఉసికెకు రెండు నెలల్లో కిరకిరమన్నాయి. తీసేసి నైలాన్ బుష్‌లు (ఇరుసుకు తొడిగే గొట్టాలు) వేయించాను, గ్రీజు అక్కర్లేదు, కడిగితే చాలు.

మొన్న సంక్రాంతికి పోతే బావ ఆ బండి మీద వడ్ల బస్తా వేసుకుని వస్తున్నాడు. కుడి చక్రానికి ఇంకో అతుకు పడింది. ఎలా పడిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.